లక్కపూత నుండి తుంపరపూత వరకు



వాద్యమునకు చెక్క శరీరమైనచో, దానిపైనుండు మెరుగుపూత చర్మము వంటిది. చర్మము దేహమును కాపాడునట్లే ఈ పూత చెమ్మ నుండియు చెమట నుండియు చెక్కను కాపాడుచున్నది. గిటారు అను పాశ్చాత్య తంత్రీవాద్యము నేడు మన పట్టణములలోను, చలనచిత్ర సంగీతమునందును సుపరిచితమే. పాత గిటారుపై పూత ఒకచోట పెచ్చు లేచినను, గీతలు పడినను, దానిని బాగుచేయుటకు పనివారు చిన్న స్ప్రే గన్నును, అనగా రంగును తుంపరగా చిమ్ము పిచికారిని, వాడుదురు. ఏ పిచికారిని ఎన్నుకొనవలెనను ప్రశ్న చూచుటకు అల్పముగా తోచును. కాని ఎన్నిక తప్పినచో ఏబది యేండ్లు నిలిచిన పూత ఒక్క పూటలో చెడును. ఈ ప్రశ్నకు సమాధానము ఆ పూత యొక్కయు, ఆ పనిముట్టు యొక్కయు చరిత్రలోనే కలదు.

ఇట్టి పూతను ఇంగ్లీషున లాకరు అందురు. ఆ మాటకు మూలము మన లక్కయే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిరుపురుగులు స్రవించు జిగురే లక్క. ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడు కర్రను తరిమెనపై తిప్పుచు, లక్కను దానికి అదిమిపట్టి, రాపిడివలన పుట్టిన వేడిమిచే కరగించి రంగు ఎక్కింతురు. ఐరోపాలో మరియొక మార్గము ఏర్పడెను. అచటివారు మన దేశమునుండి పోయిన లక్కను మద్యసారములో కరగించి, గుడ్డ ఉండతో పలుమారు రుద్ది పూయుచుండిరి. 19వ శతాబ్ది ఆరంభమున వ్యాపించిన ఈ పద్ధతికి ఫ్రెంచి పాలిషని పేరు. నేటి గిటారు రూపమును స్థిరపరచినవాడని ప్రసిద్ధి కెక్కిన స్పెయినుదేశపు శిల్పి అంతోనియో ద తోరెస్ (1817–1892) కాలమున గిటారులకు ఈ లక్కపూతయే పరిపాటి. ఇది మిక్కిలి పలుచనిది, అందమైనది. అయినను దీనికి ఓర్పు కావలెను, దినములు కావలెను.

ఆ ఓర్పు యంత్రశాలలకు లేకపోయెను. 1846లో బేజిలు నగరమునందు షోన్‌బైన్ అను రసాయనవేత్త దూదిని గాఢమైన ఆమ్లములలో తడిపి, నిప్పు తగిలినంతనే భగ్గుమను ఒక పదార్థమును కనుగొనెను. దానికి తుపాకి దూది అని పేరు వచ్చినది. ఆ జాతి పదార్థమునే తగిన ద్రవములలో కరగించి పూసినచో, ద్రవము ఆవిరియై పోయి గాజువంటి పొర మిగులును. ఇదియే నైట్రోసెల్యులోజు లాకరు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు 1923లో డ్యూకో అను పేర దీనిని మోటారుకార్ల కొరకు వెలువరించిరి. 1924 నాటి ఓక్లండు కార్లకు జనరల్ మోటార్సువారు దానినే వాడిరి. అంతకుముందు నూనె వార్నిషులు ఆరుటకు వారములు పట్టుచుండగా, ఈ పూత గంటలలో ఆరెను. దీనిలో లక్క లేశమైనను లేదు. లక్క పేరు మాత్రము నిలిచినది.

అయితే ఇంత త్వరగా ఆరు పూతను కుంచెతో పూయుట కష్టము. కుంచె ఈ కొస నుండి ఆ కొసకు పోవులోపలనే పూత చిక్కబడి చారలు పడును. కావున దీనిని తుంపరగా చిమ్మవలసివచ్చెను. ఆ పనికి తగిన సాధనము అప్పటికే సిద్ధముగా నుండెను.

ఆ సాధనము పుట్టుక వింతయైనది. ఒహైయో రాష్ట్రమున టొలీడో నగరపు వైద్యుడు ఆలెన్ డెవిల్బిస్ రోగుల గొంతులో మందు చిమ్ముటకు రబ్బరు బుడ్డిగల చిన్న పిచికారిని చేసి, 1888లో వ్యాపారము నెలకొల్పెను. గాలి వేగముగా వెడలునప్పుడు ద్రవమును తనతో లాగికొని, సూక్ష్మ బిందువులుగా చీల్చును. ఇదియే దాని కిటుకు. ఆయన కుమారుడు టామస్ 1907 ప్రాంతమున ఆ కిటుకునే రంగుపూతకు మలచెను. ఈలోగా 1893లో షికాగో మహాప్రదర్శనమున విశాల భవనములకు తెల్లరంగు వేయుటకు పెద్ద యంత్ర పిచికారులను వాడిరి. ఇంచుమించు ఆ కాలముననే ఛార్లెస్ బర్డిక్ చిత్రకారులకై ఎయిర్‌బ్రష్ అను కలమువంటి పిచికారిని రూపొందించెను. ఇట్లు మొదటినుండియు పిచికారులకు రెండు వంశములు కలవు. గోడలకై పుట్టినది ఒకటి. గొంతుకు, చిత్రమునకు పుట్టినది మరియొకటి.

1833లో అమెరికాకు వలసవచ్చిన మార్టిన్ అను శిల్పి స్థాపించిన కర్మాగారమును, 1902లో ఏర్పడిన గిబ్సన్ కంపెనీయు 1920 తరువాతి పదేండ్లలో ఈ కొత్త పూతకు మరలెను. నడుమ పసుపుగా నుండి, అంచులకు పోవుకొలది ముదురు గోధుమరంగుగా మారు సూర్యకాంతి వంటి రంగుమేళవింపు పిచికారితో సులభమాయెను.

ఈ పూతకు ఒక గొప్ప గుణము కలదు. లక్క మద్యసారములో మరల కరగునట్లే, నైట్రోసెల్యులోజు పూతయు తన ద్రవములో మరల కరగును. కావున కొత్త తుంపర పాత పొరను మెత్తపరచి దానితో ఏకమగును, అతుకు కనబడదు. తరువాతి కాలపు పాలియురెథేన్ మొదలగు పూతలు ఒకసారి గట్టిపడిన పిదప ఇట్లు కలిసిపోవు. కనుక మరమ్మతుకు ముందు పూత ఏ జాతిదో తెలిసికొనుట మొదటి ధర్మము.

ఇక ఎన్నిక విషయము. కారంతటికి పూయు పెద్ద పిచికారి ముక్కు రంధ్రము సుమారు 1.3 లేక 1.4 మిల్లీమీటర్లుండును. దానిని అరచేతియంత మచ్చపై ప్రయోగించుట గోటితో పోవు దానికి గొడ్డలి ఎత్తుట. తుంపర నలుదెసల పడి మంచి పూతను కూడ కప్పివేయును. మందపు పూత గిటారు పైపలకను బరువెక్కించి నాదమును కొంత అణచును. పాత వాద్యమునకు మొత్తము కొత్తపూత వేసినచో దాని వెలయు తగ్గును. మరమ్మతుకు 0.8 మొదలు 1 మిల్లీమీటరు రంధ్రమును, నూటయిరువదియైదు మిల్లీలీటర్ల చిన్నగిన్నెయు గల పిచికారి చాలును. గిన్నె పైనుండునది మేలు. ద్రవము తనంతట దిగును, కడచుక్క వరకు పనికివచ్చును. రంగుల అంచులను కలుపుటకు 0.3 మొదలు 0.5 మిల్లీమీటరు ఎయిర్‌బ్రష్ తగును. 1949లో ఎడ్వర్డ్ సీమూర్ కనిపెట్టిన రంగుడబ్బా చేతికి సులువు. కాని దాని ఒత్తిడిని గాని, చిక్కదనమును గాని మన ఇష్టమువచ్చినట్లు మార్చలేము. గోరంత పెచ్చుకు ఏ పిచికారియు అక్కరలేదు. సన్నని కుంచెతో బొట్టు బొట్టుగా నింపి, బాగుగా ఆరనిచ్చి, సమముగా అరగదీసి మెరుగు పెట్టుటయే ఉత్తమము.

తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని విడుచు పిచికారులు నేడు విరివిగా వాడుకలో నున్నవి. వీనిలో ముక్కువద్ద ఒత్తిడి చదరపు అంగుళమునకు 10 పౌనులకు మించదు. రంగు వృథా తగ్గును. కాని గాలి యంత్రము చాలినంత పెద్దదిగా లేనిచో తుంపర ముద్దలుగా పడును. కనుక పిచికారిని కొనుటకు ముందు గాలి యంత్రము శక్తిని చూడవలెను. గాలిలోని నీటిని వడగట్టు పరికరమును ఉండవలెను. వానకాలమున ద్రవము ఆవిరియగుచు పూతను చల్లబరచుటచే చెమ్మ పట్టి తెల్లని మసక కమ్మును. అట్టి దినములలో పని మానుట మేలు. పుట్టుకచే ఇది తుపాకి దూదికి చుట్టమని మరువరాదు. దీపము, చుట్ట, పొయ్యి దగ్గర నుండరాదు. ఆవిరి ఊపిరితిత్తులకు హానికరము గనుక, గాలి ధారాళముగా ఆడుచోట, ఆవిరిని అడ్డు తగిన ముసుగు ధరించియే పని చేయవలెను.

యంత్రశాల వేగమును కోరెను, పెద్ద పిచికారి దానికి తగెను. మరమ్మతు కోరునది వేగము కాదు, మితము. గొంతులో మందు చిమ్మిన వైద్యుడు పుండున్నచోటనే మందు పడవలెనని తలచినట్లు, వాద్యమును బాగుచేయువాడును దెబ్బ తగిలినచోటనే చేయి పెట్టి, తక్కిన పాతపొరను గౌరవింపవలెను. ఆ మితమును చేతికి ఇచ్చు పనిముట్టే తగిన పనిముట్టు.