పిల్లలకి పెట్టిన పేర్లు

చిన్నపిల్లలు ఒంటి గురించి ఆరా తీయడం, డాక్టరాట ఆడుకోవడం ఆ వయసుకి సహజం. వద్దంటే మానేస్తారు. భయపెట్టో, బలవంతపెట్టో తమకంటే చిన్నవాళ్ళని బాధించడం, ఎంత చెప్పినా మానకపోవడం వేరు. అలాంటిది బయటపడగానే మన ఇళ్ళలో లేచే మొదటి ప్రశ్న "తల్లి ఏం చేస్తోంది?" అని. ఆ బిడ్డకి ఏం జరిగిందో అడిగేవాళ్ళు తక్కువ. ఈ ప్రశ్న అడగడానికి శాస్త్రానికి కూడా చాలా కాలమే పట్టింది.

1896లో ఫ్రాయిడ్ వియన్నాలో తన 18 మంది రోగుల జబ్బుకి బాల్యంలో జరిగిన లైంగిక హింసే మూలమన్నాడు. మరుసటి ఏడాదికే ఆ నమ్మకం వదులుకుని, వాళ్ళు చెప్పినవి ఊహలు కావచ్చన్న వైపు మళ్ళాడు. 1937లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యులు లారెటా బెండర్, అబ్రామ్ బ్లా పెద్దవాళ్ళ లైంగిక చర్యలకి గురైన 16 మంది పిల్లల గురించి రాస్తూ, కవ్వించింది పిల్లలేనేమోనని అనుమానించారు. 1971లో న్యూయార్క్ స్త్రీవాదులు అత్యాచారంపై జరిపిన సదస్సులో ఫ్లారెన్స్ రష్ అనే సామాజిక కార్యకర్త ఈ నిందని ఎదిరించి, నేరం పెద్దవాళ్ళదేనని నిలదీశారు.

1988లో టోనీ కావనా జాన్సన్ తోటి పిల్లల్ని బాధించిన 47 మంది మగపిల్లల గురించి రాశారు. వాళ్ళకి పెట్టిన పేరు "దాడి చేసే పిల్లలు". మరుసటేడు 13 మంది ఆడపిల్లల గురించి రాశారు. ఆ 13 మందీ అంతకుముందు లైంగిక హింస అనుభవించినవాళ్ళే. అలాగని ప్రతి బిడ్డ వెనకా అదే కథ ఉండదు. ఇంట్లో కొట్లాటలు, పెద్దల దృశ్యాలు కళ్ళపడటం, పట్టించుకునేవాళ్ళు లేకపోవడం కూడా కారణాలవుతాయి.

ఈ పిల్లలు పెద్దయి నేరస్తులే అవుతారా? అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 135 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. నియమాలు, నిగ్రహం స్పష్టంగా నేర్పి, ఇంటి పెద్దలకీ శిక్షణ ఇచ్చిన బృందంలో పదేళ్ళ తర్వాత లైంగిక నేరాల్లో కనిపించినవాళ్ళు 2 శాతం. ఆటల ద్వారా చికిత్స పొందిన బృందంలో 10 శాతం. ఇప్పుడు నిపుణులు "దాడి చేసే పిల్లలు" అనడం మాని, "లైంగిక ప్రవర్తనా సమస్యలున్న పిల్లలు" అంటున్నారు.

మన చట్టంలో 7 ఏళ్ళలోపు బిడ్డ చేసింది నేరం కాదు. 7 నుంచి 12 లోపు బిడ్డ విషయంలో పరిణతి చూడాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం కూడా నేరం చేశాడన్న బాలుడిని బాలల న్యాయ చట్టం కిందే చూడాలి. లైంగిక నేరం జరిగిందని తెలిసిన పెద్దలు ఫిర్యాదు చేసి తీరాలి.

ఇంట్లో చేయాల్సినవీ ఉన్నాయి. ముందు బాధపడ్డ బిడ్డకి రక్షణ. ఇద్దరినీ ఒంటరిగా వదలకూడదు. రెండో బిడ్డని కొట్టకుండా, సిగ్గుతో చంపకుండా, ఇది తప్పు అని చెప్పి సలహాదారు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఈ పనంతా తల్లి ఒక్కదాని నెత్తిన పడేస్తే, ఆమె దాన్ని దాచేయడం తప్ప ఏం చేయగలదు? తండ్రి, బడి, వైద్యం ఆమె పక్కన నిలబడాలని అడగవలసింది మనమే.