పన్నెండు మెట్ల మీద పండుగ సాయన్న

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో అవుసలికుంట. పొద్దు గుంకుతోంది. వేపచెట్టు కింద జనంలో మీరూ ఇంత చోటు చేసుకుని కూర్చున్నారు. ఎదురుగా దర్శనం మొగులయ్య కిన్నెరను ఒంటికి ఆనించుకుని తీగ సరిచేస్తున్నారు. కొంచెం ముందుకు జరగండి, పనితనం దగ్గర్నుంచి కనబడుతుంది. వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, బొంగు పొడుగునా మైనంతో అతికించిన మెట్లు. పన్నెండు మెట్లు. ఇన్ని మెట్ల కిన్నెరను పలికించేవాళ్లు అరుదు.

వేలు మొదటి మెట్టు మీద పడింది. తీగ జుమ్మంది. పక్కనున్న ముసలాయన మీ మోకాలు తట్టి "ఇగ సూడు బిడ్డా, సాయన్న ఒస్తడిప్పుడు" అన్నాడు.

వచ్చేశాడు పండుగ సాయన్న. నిజాం కాలపు పాలమూరు బందిపోటు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడు. మొగులయ్య నాలుగు మాటలు చెబుతారు, గొంతెత్తి పాటందుకుంటారు, ఊపిరి తీసుకునే సందులో తీగ మాట్లాడుతుంది. దొరల గడీలు, వెంటపడే పోలీసులు, అన్నం పెట్టి దాచుకున్న పేదిళ్లు ఒకదాని వెంట ఒకటి కళ్లముందుకొస్తాయి. సర్కారు చేతికి సాయన్న చిక్కే చోటికి వచ్చేసరికి ముసలాయన తువ్వాలతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఈ కథ ఆయన ఎన్నిసార్లు విన్నాడో!

ఇలాంటి సాహసగాణ్ని సినిమా బయటి నుంచి తెచ్చుకుంది. 1971లో హీరో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో తెలుగు తెరకు కౌబాయ్‌ను తెచ్చారు. గుర్రం, తుపాకి, టోపీ చూసి జనం వెర్రెత్తిపోయారు. నాకూ ఆ సినిమా ఇష్టమే. కానీ పాలమూరుకు ఆ సరుకు అరువు తెచ్చుకునే అవసరం ఎన్నడూ లేదు. సాయన్న ఉన్నాడు, మియాసాబ్ అనే మరో కథానాయకుడు ఉన్నాడు. వాళ్ల కథలు కిన్నెర మీద ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి.

ఈ పాలమూరులోనే వనపర్తి, గద్వాల సంస్థానాలు ఉండేవి. పండితుల్ని పోషించి గద్వాల 'విద్వద్గద్వాల' అనిపించుకుంది. రాజుల మీద పద్యాలు రాయడానికి కవులున్నారు. బందిపోటు కథను మాత్రం ఊరి చివర బతికే దక్కలి కళాకారులు గొంతులో మోసుకొచ్చారు. మొగులయ్య వాళ్లలో ఒకరు. ఆ రాజుల చరిత్ర ఎంత విలువైనదో ఈ పాట అంత విలువైనదని నా నమ్మకం.

ఇప్పుడు 2021 సెప్టెంబరు 2కు రండి. చేతిలో ఫోన్ ఉంది కదా, తెరవండి. పవన్ కల్యాణ్ పుట్టినరోజు, 'భీమ్లా నాయక్' పాట విడుదలైంది. సంగీత దర్శకుడు తమన్ వాయిద్యాలన్నీ ఆగి నిలబడితే మొదట వినబడేది మొగులయ్య గొంతే. హీరో తాతముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకుంటారు, అచ్చం సాయన్న కథ ఎత్తుకున్నట్టే. అది సినిమా కోసం నేర్చిన విద్య కాదు. కథానాయకుణ్ని వంశంతో సహా నిలబెట్టడం తరాలుగా ఆ ఇంటి పని.

తర్వాతంతా గబగబా జరిగింది. 2022లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పద్మశ్రీ. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. ఆర్టీసీ ఉచిత ప్రయాణం ఇచ్చింది.

2024. హైదరాబాద్ శివారు తుర్కయాంజల్. మీ ముందు ఒక కట్టుబడి పని జరుగుతోంది. ఎండ, సిమెంటు దుమ్ము. కూలీల్లో ఒకాయన్ను ఎక్కడో చూసినట్టుంది. అవును, ఆయనే. పద్మశ్రీ గ్రహీత దినకూలికి వచ్చారన్న ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. సాయం చేస్తామని చాలామంది ముందుకొచ్చారు, మంచిదే. కానీ సాయన్న కథ మొదటినుంచి చివరిదాకా చెప్పించుకుని, దానికి తగ్గ సంభావన ఇచ్చే వేదికలు ఎన్ని ఉన్నాయి? సినిమా ఆయన దగ్గర కాసేపటి పాట తీసుకుంది. ఈ కథ పొద్దుపోయేదాకా వినాల్సింది. పాలమూరులో జాతరలకు, కాలేజీ ఉత్సవాలకు డీజేలకు పోసే డబ్బులో కొంత తీసి కిన్నెరకు ఒక రాత్రి ఇవ్వండి. కథ మొత్తం రికార్డు చేయండి. ఆయన పక్కన ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి ఆ పన్నెండు మెట్లూ పట్టించండి, వాళ్లకూ నెలనెలా ఇంత ఇచ్చి.