డిసెంబరు 25 ఎవరి లెక్క?

డిసెంబరు వస్తే మన పత్రికల్లో ఒక కథ తప్పకుండా అచ్చవుతుంది. రోమన్లు డిసెంబరు 25న సూర్యుడి పండుగ చేసుకునేవారని, క్రైస్తవం రాజ్యమతం కాగానే చర్చి ఆ రోజును లాక్కుని క్రీస్తు పుట్టినరోజు చేసిందని ఆ కథ. దుమ్ముగూడెం నుంచి ఖమ్మం దాకా ఈ అడవి అంచున క్రిస్మస్ చేసుకునే ఇళ్లలోనూ చదువుకున్నవాళ్లు చాలామంది దీన్నే నమ్ముతున్నారు. దీన్ని పట్టుకుని అసలు పండుగే మానేసిన సంఘాలూ ఉన్నాయి. ఇంత పని చేస్తున్న కథకు ఆధారం ఎంతుందో చూడాలి.

సువార్తల్లో తేదీ లేదు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్లెమెంట్ తన కాలంలో చెప్పుకునే తేదీలు కొన్ని రాశాడు. వాటిలో మే 20 ఉంది, డిసెంబరు 25 లేదు. ఈ తేదీ స్పష్టంగా కనిపించేది రోములో 354లో కూర్చిన పంచాంగ సంకలనంలో. అందులోని ఒక జాబితా 336 నాటిదని పండితులు తేల్చారు. తూర్పు దేశాల్లో జనవరి 6 ముందు పాతుకుంది. డిసెంబరు 25 పండుగ తమ ఊరికి వచ్చి పదేళ్లయినా కాలేదని 386 ప్రాంతంలో అంతియొకయలో జాన్ క్రిసోస్తమ్ ప్రసంగించాడు. అర్మేనియా చర్చి నేటికీ జనవరి 6నే పాటిస్తోంది.

అసలు తగువు 200కూ 336కూ మధ్య కాలం గురించి. సూర్యుడి కథ చెప్పేవాళ్లు అరేలియన్ చక్రవర్తిని సాక్ష్యం తెస్తారు. 274లో ఆయన రోములో సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజమే. అయితే డిసెంబరు 25న సూర్యోత్సవం జరిగేదనడానికి మనకు దొరికే తొలి ఆధారం 354 నాటి ఆ సంకలనమే. ఆ రోజు ముప్పై రథాల పందేలని అందులో ఉంది. అంటే రెండు పండుగలూ ఒకే పుస్తకంలో తొలిసారి కనిపిస్తున్నాయి. ఎవరిది ఎవరు తీసుకున్నారో ఆ పుస్తకం చెప్పదు. చర్చి కావాలనే తేదీ మార్చిందని చెప్పే సిరియాక్ రాత పన్నెండో శతాబ్దంలో ఒక గ్రంథం అంచున ఎవరో చేర్చినది. సంఘటనకూ సాక్ష్యానికీ మధ్య ఎనిమిది వందల ఏళ్లు. పైగా థియొడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్ని రాజ్యమతం చేసింది 380లో. రోములో పండుగ అప్పటికే పాతది.

రెండో వాదం లెక్కది. 1889లో ఫ్రెంచి పండితుడు లూయీ దుషేన్ దీన్ని ముందుకు తెచ్చాడు, 1986లో థామస్ టాలీ బలపరిచాడు. క్రీస్తు సిలువ పొందింది మార్చి 25న అని 200 ప్రాంతంలోనే టెర్టూలియన్ రాశాడు. ఆసియా మైనరులో కొందరు సిలువ నాటి ఆ పస్కా పండుగను ఏప్రిల్ 6గా లెక్కించారు. మరియ గర్భం ధరించిన రోజూ, సిలువ రోజూ ఒక్కటేనని ఆనాటి భక్తులు తలచారని ఈ వాదం. మార్చి 25కు తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు 25, ఏప్రిల్ 6కు కలిపితే జనవరి 6. పోటీ పడిన రెండు తేదీలూ ఒకే సూత్రానికి లొంగుతున్నాయి. సూర్యుడి కథ జనవరి 6 జోలికే పోదు. నేను లెక్క వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

ఈ వాదానికీ లోటుంది. గర్భధారణ, మరణం ఒకే రోజని అగస్టీను సూటిగా చెప్పినది అయిదో శతాబ్దంలో. అప్పటికే ఉన్న పండుగకు తర్వాత లెక్క కట్టారని ఎవరైనా అంటే కాదని గట్టిగా చెప్పలేం. అదే శతాబ్దంలో పేతురు గుడి మెట్లెక్కి సూర్యుడికి దండం పెట్టే విశ్వాసులను పోప్ లియో మందలించాడు. కాబట్టి సూర్యుడు ఆ పండుగ పక్కన లేడని అనను. తేదీని ఆయనే ఇచ్చాడన్నదే నాకు నిలవని మాట.

పుట్టుకనూ మరో మహత్కార్యాన్నీ ఒకే రోజుకు చేర్చడం ఈ గోదావరి తీరానికి కొత్త కాదు. వాల్మీకి రాముడి పుట్టుకను చైత్ర శుద్ధ నవమి, పునర్వసు నక్షత్రంలో చెప్పాడు. పెళ్లిని ఉత్తర ఫల్గునిలో చెప్పాడు. నవమి దాటిన కొన్ని రోజులకు గానీ చైత్రంలో ఆ నక్షత్రం రాదు. ఒంటిమిట్టలో కల్యాణం పున్నమి దగ్గర, రాత్రిపూట. జనకపురిలో మార్గశిర శుద్ధ పంచమి. భద్రాచలంలో మాత్రం రాముడు పుట్టిన నవమినాడే, మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నంలో సీతమ్మ మెడలో తాళి కడతారు. దీన్ని ఎవరి దగ్గరో కాజేసిన తేదీ అని ఇక్కడ ఎవరూ అనరు. శుభం శుభంతో కలవాలనే భక్తి ఆ రెంటినీ కలిపింది. భద్రాచలంలో చాంద్రమాన తిథి, క్రిస్మస్‌కు సౌరమాన తేదీ. పుట్టుకతో కలిసింది అక్కడ పెళ్లి, క్రిస్మస్ లెక్కలో సిలువ. తేడాలు చిన్నవి కావు. ఆలోచన తీరు మాత్రం దగ్గరిది.

డిసెంబరు 25 మన అడవికి 1860లలో చేరింది. గోదావరిలో పడవల దారి కోసం దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హెయిగ్ ప్రోత్సాహంతో చర్చి మిషనరీ సొసైటీ అక్కడ కోయల మధ్య పని మొదలుపెట్టింది. 1912 డిసెంబరు 29న అజరయ్య డోర్నకల్ తొలి బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆయన కట్టించిన కెథెడ్రల్‌కు జనవరి 6 పండుగైన ఎపిఫనీ పేరే పెట్టారు, ప్రతిష్ఠ 1939 జనవరి 6న. మసీదు గుమ్మటాలూ గుడి స్తంభాలూ కలిసిన ఆ కట్టడం పేరులో తూర్పువారి పాత తేదీ ఉంది.

నేటి తీరు నాకు నచ్చడం లేదు. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, కేకులు, నాయకుల ప్రసంగాలు. క్రీస్తు రాక కోసం ఎదురుచూడాల్సిన నాలుగు వారాల అడ్వెంట్ వాటిలో మునిగిపోతోంది. డిసెంబరు 25 వచ్చేసరికే పండుగ అలసిపోతోంది, కొత్త సంవత్సరం ఆరాధనతో ముగిసిపోతోంది. జనవరి 6 ఎక్కువ ఊళ్లలో మామూలు రోజే. ఆనందానికి నేను అడ్డు చెప్పను. కానీ రెండు తేదీల వెనకున్న ఆలోచన తెలియని సంఘం, ఎవరో వచ్చి ఇది దొంగ పండుగ అనగానే బెదురుతుంది.

లెక్క నెగ్గినంత మాత్రాన యేసు ఆ రోజే పుట్టాడని రుజువు కాదు. అలా బోధించే పాస్టర్లు ఆ మాట మానాలి. దొంగిలించారని రాసే పత్రికలూ మానాలి. సిలువనూ ఊయలనూ ఒకే లెక్కలో చూసిన తొలి విశ్వాసుల ఆలోచనను ఆదివారం బడి పిల్లలకు చెబితే, ఈ పండుగకు అంతకంటే గట్టి అండ ఉండదు.