ఎఫ్‌ఎంజీఈ: ఫార్మకాలజీ రివిజన్ ఇలా..

రష్యా, జార్జియా, కిర్గిజిస్థాన్‌లో ఎంబీబీఎస్ చదివారా? ఎఫ్‌ఎంజీఈ గట్టెక్కితేనే ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్‌కు దారి. 300 ప్రశ్నల్లో 150 సరైతే పాస్. ఫార్మకాలజీ వాటా 13 మార్కులే. కానీ మందుల ప్రశ్నలు మెడిసిన్, పీడియాట్రిక్స్‌లోనూ వస్తాయి.

* మందులను గ్రూపులుగా చదవండి. పేరు చివర సాధారణంగా ‘ఓలాల్’ ఉంటే బీటా బ్లాకర్, ‘ప్రిల్’ ఉంటే ఏసీఈ ఇన్‌హిబిటర్. రెండో రకంతో పొడిదగ్గు రావచ్చు.

* టీబీ మందుల్లో ఇథాంబుటాల్‌తో చూపు, ఐసోనియాజిడ్‌తో నరాలు దెబ్బతినొచ్చు. నరాలకు రక్షణగా పిరిడాక్సిన్ ఇస్తారు.

* విరుగుడు మందులు తప్పనిసరి. పారాసెటమాల్ మోతాదు మించితే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగితే అట్రోపిన్. రేపు డ్యూటీలో ప్రాణం నిలబెట్టేవీ ఇవే.

* నెగెటివ్ మార్కులు లేవు. ఏ ప్రశ్నా వదలొద్దు.