సున్నం రంగడు, మా నాన్న, నేను

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి నది వంతెన దాటితే ఆదిత్యపూర్. నదికి అటు టాటాల పట్టణం, ఇటు ఆ పట్టణానికి కావలసిన చిన్నా చితకా విడిభాగాలు చేసి పంపే వందలాది కర్మాగారాలు. నేను పుట్టి పెరిగింది ఇటువైపున. నా రాతల్లో ఎన్నికల లెక్కలు వెతికే పాఠకులు ఈసారి కొంత ఓపిక పట్టాలి. ఇది ఒక నటుడి గురించి. రాజకీయం రాకపోదు గాని, చుట్టు తిరిగి వస్తుంది.

ఎస్.వి. రంగారావు మా ఊరి పొరుగున ఉద్యోగం చేశాడన్న సంగతి తెలుగునాట ఎక్కువమందికి గుర్తులేదు. 1918లో నూజివీడులో పుట్టిన ఆయన తొలుత అగ్నిమాపక శాఖలో అధికారిగా పనిచేశాడు. ఆ కొలువు వదులుకొని బి.వి. రామానందం తీసిన ‘వరూధిని’లో నటించాడు. ఆ చిత్రం నిలబడలేదు, ఆ వెనుక అవకాశాలూ రాలేదు. అప్పుడు జంషెడ్‌పూర్ వచ్చి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరాడు. ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చినవారు అప్పటికే ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. బిస్టుపూర్‌లో రామమందిరం, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ వంటివి ఆ వలస మిగిల్చిన గుర్తులు. ఆ జనంలో కొంతకాలం రంగారావు కూడా ఒక ఉద్యోగి. మద్రాసులో ఓడిపోయి వచ్చిన మనిషి. ఆయన నటజీవితం రాసేవారు ఈ కాలాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఆయన పాత్రలన్నీ ఆ ఓటమిని కొంచెం ఎరిగినవాళ్లలాగే కనిపిస్తాయి.

అది ఎలాంటి కాలమో కూడా చెప్పుకోవాలి. 1947 మార్చి 28న టాటా కార్మిక సంఘ నాయకుడు, బీహారు కాంగ్రెసు అధ్యక్షుడు అబ్దుల్ బారీని పాట్నా సమీపంలో కాల్చి చంపారు. అదే సంవత్సరం డిసెంబరు 27న రంగారావుకు మేనమామ కూతురు లీలావతితో పెళ్లయింది. ఆ తర్వాత ఐదు రోజులకు, 1948 జనవరి 1న, ఖర్సావాఁ సంతలో పోలీసులు ఆదివాసులపై కాల్పులు జరిపారు. సరాయికెలా, ఖర్సావాఁ సంస్థానాలను ఒరిస్సాలో కలపడాన్ని ఎదిరించి చేరిన జనం వాళ్లు. ప్రభుత్వ లెక్కలో మృతులు ముప్పై అయిదుగురు; జనం లెక్కలో అంతకు ఎన్నో రెట్లు. మే నెలలో ఆ సంస్థానాలు బీహారుకు మారాయి. విలీనానికి ముందు ఆదిత్యపూర్ సరాయికెలా రాజు ఏలుబడిలోని నేల. ఈ కాల్పులకూ రంగారావు నటనకూ ముడిపెట్టాలన్న ఉబలాటం నాకు లేదు. కాని ఏ ఊరినుంచి ఆయన మద్రాసుకు తిరిగి వెళ్లాడో ఆ ఊరిలో అప్పుడు బలం అనే మాటకు అర్థమేమిటో తెలిసి ఉండడం మంచిది.

తిరిగి వెళ్లిన తర్వాత ఆయనకు పేరు తెచ్చింది ‘షావుకారు’లోని సున్నం రంగడు. 1950లో విజయా సంస్థ తీసిన తొలి చిత్రం, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య పుట్టిన పంతం ఊరి తగాదాగా ముదురుతుంది. అలాంటి తగాదాలో పెద్దమనుషుల కోపానికి ఒక చెయ్యి కావాలి. రంగడు ఆ చెయ్యి. అతనికి ఎవరిమీదా సొంత పగ లేదు. బతుకుతెరువుగా రౌడీతనం ఉంది, అంతే. అందుకే అతడు భయపెడతాడు. అందుకే, మరికొంత ఆలోచిస్తే, దగ్గరివాడిలా కూడా అనిపిస్తాడు.

మా నాన్నకు ఆ పాత్ర అంటే ప్రాణం. ఆయన ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కర్మాగారంలో లేత్ మీద చేరి, సూపర్‌వైజర్ అయ్యాడు. పండగలకు వీడియో అద్దెకు తెచ్చి పాత తెలుగు సినిమాలు వేసే రోజుల్లో ‘షావుకారు’ అడిగి మరీ వేయించుకునేవాడు. అదే రంగారావు నటించిన ‘బంగారు పాప’ వేస్తే మాత్రం మధ్యలో లేచి బయటికి వెళ్లి బీడీ ముట్టించేవాడు. ఇంగ్లీషు నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా బి.ఎన్. రెడ్డి 1955లో తీసిన చిత్రమది. మోటు మనిషి, తాగుబోతు అయిన కోటయ్య తనకు దొరికిన పసిబిడ్డను పెంచుతూ మనిషిగా మారతాడు. నా దృష్టిలో రంగారావు నటించిన పాత్రల్లో అంతటి గొప్పది మరొకటి లేదు. నాన్న ఎందుకు లేచిపోయేవాడో చాలా ఏళ్లు నాకు బోధపడలేదు.

ఎనభైల్లో ఆ కర్మాగారంలో కార్మికులు యూనియన్ మాట ఎత్తారు. మాట ఎత్తినవారి పేర్లు యజమానికి రాసిచ్చింది మా నాన్న. ఏడుగురి పని పోయింది. వారిలో ఒకడు మా వీధివాడే. హో ఆదివాసి, సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు తిన్నవాడు. ఇదంతా నాన్న చివరి రోజుల్లో తనంతట తానే చెప్పాడు, టీవీలో ‘షావుకారు’ వస్తుంటే, తెర మీదినుంచి చూపు మరల్చకుండానే. నేనేమీ అనలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు: “రంగడికి డబ్బులైనా ఇచ్చార్రా.”

మనిషి తనను తాను ఒక చెడ్డ పాత్రలో చూసుకోవడమంటే ఏమిటో అప్పుడే నాకు తెలిసింది. అది ఆ పాత్రను మెచ్చుకోవడం కాదు, క్షమించడమూ కాదు. కోటయ్యకు దొరికిన విముక్తి తనకు దొరకదని నాన్నకు తెలుసు. రంగడి దగ్గర ఆయనకు చోటు ఉంది.

‘పాతాళభైరవి’ (1951)లోని నేపాళ మాంత్రికుణ్ణి కూడా ఇలాగే చూడవచ్చు. విద్యలన్నీ అతనివి, ఏళ్ల తరబడి సాధన అతనిది. ఫలం తోటమాలి కొడుక్కి దక్కింది. మరొకణ్ణి బలివ్వబోయాడు గనుక న్యాయమే జరిగింది. అయినా పోటీ పరీక్షలకు చదివి చదివి వయసు మీరిన నా స్నేహితులు కొందరు ఆ మాంత్రికుడి పక్షమే. ఇక ‘నర్తనశాల’ (1963) కీచకుడు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో రంగారావుకు ఉత్తమ నటుడి గౌరవం తెచ్చిన పాత్ర. ఆ బరువైన నడకలోని హొయలు, ఆ మత్తు చూపు మనకు ముందుగా ముచ్చట గొలుపుతాయి. వాడు ఏం చేయబోతున్నాడో తర్వాత గుర్తొస్తుంది. అధికారం అక్కగారిది, సైన్యం తనది, రాజు నోరు మెదపడు. కీచకునిలో నన్ను నేను చూసుకోలేను. చూసుకోను అనడమే నిజమేమో. ఆ సభలో నాకు తెలిసిన ముఖం విరాటునిది.

ఇక్కడ ఎన్.టి. రామారావు ప్రసక్తి రాక తప్పదు. ‘షావుకారు’లో కథానాయకుడు ఆయనే, తోటరాముడూ ఆయనే, ‘మాయాబజార్’లో రంగారావు ఘటోత్కచుడైతే ఆయన కృష్ణుడు, కీచకుని ఎదుట బృహన్నల, ‘పాండవ వనవాసం’ (1965)లో రంగారావు దుర్యోధనుడు, ఆయన భీముడు. రంగారావు 1974 జూలై 18న కన్నుమూశాడు. దుర్యోధనుణ్ణి కూడా రామారావు వేశాడు. ‘దానవీరశూరకర్ణ’ 1977 జనవరి 14న విడుదలైంది. నాలుగు రోజుల తర్వాత ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు. ఆ ఎన్నికల్లో ఉత్తరదేశమంతా ఆమెను తిరస్కరించగా ఆంధ్రప్రదేశ్ నలభై రెండు స్థానాల్లో నలభై ఒకటి కాంగ్రెసుకే ఇచ్చింది. సినిమాకూ ఓట్లకూ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. నేను గమనించింది వేరు. ఆ చిత్రంలో దుర్యోధనుడు లోపాలున్న మనిషి కాడు, అన్యాయానికి గురైన వీరుడు. కులం పేరిట కర్ణునికి జరిగిన అవమానాన్ని నిలదీసే గొంతు. ప్రేక్షకుడు అతనితో ఏకమైతే తన తప్పు గుర్తుకు రాదు, తనకు జరిగిన తప్పే గుర్తుకొస్తుంది. 1983లో ఆత్మగౌరవం పేరిట ప్రభుత్వం మారినప్పుడు ఆ భావనకు ఎంత బలముందో దేశం చూసింది. అందులో మేలూ ఉంది, కాదనను. రంగారావు దుష్టపాత్రలు మాత్రం ఎవరికీ ఓట్లు తేలేవు. వాటిలో తనను చూసుకున్నవాడు జెండా పట్టుకోడు, బయటికి వెళ్లి బీడీ ముట్టిస్తాడు.

జార్ఖండ్‌లో ఈ రాక్షస పాత్రల విషయం మరో మలుపు తిరుగుతుంది. ఇక్కడ అసుర్ అనే ఆదివాసి తెగ ఉంది. తరతరాలుగా ఇనుప రాయిని కరిగించినవారు. మహిషాసురుణ్ణి తమ పూర్వీకుడిగా తలచి దసరా రోజుల్లో దుఃఖం పాటించేవారు వారిలో ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో మహిషాసురుని పేరు మీద పార్లమెంటు దద్దరిల్లినప్పుడు ఢిల్లీలోని నా సహోద్యోగులకు అది కేవలం ఒక విశ్వవిద్యాలయ వివాదం. ఉక్కు పట్టణం పక్కన పెరిగిన నాకు అంత తేలిగ్గా అనిపించలేదు. తెలుగు ఇళ్లలో మేము రంగారావు హిరణ్యకశిపునికి, రావణునికి చప్పట్లు కొట్టేవాళ్లం. అసురులను తమ తాతలంటూ తలచుకునేవారు ఇదే రాష్ట్రపు కొండల్లో ఉన్నారని మాకు ఎవరూ చెప్పలేదు. తాము అసురులం కాము, నాయకులం అని మాత్రమే అనుకోగలగడం వలస వచ్చి కుదురుకున్నవారికి దొరికే సౌకర్యం.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఎన్నికకు ముందు ఒక నాయకుడిని ఇంటర్వ్యూ చేశాను. భూములు పోగొట్టుకున్న గ్రామాల గురించి నేనడిగిన ప్రశ్నకు ఆయన కోపంగా జవాబిచ్చాడు. ప్రచురణకు ముందు ఆ ప్రశ్నా జవాబూ తీసేయమని నాకెవరూ ఆజ్ఞాపించలేదు, అడిగారు, అంతే. తీసేశాను. మిగతాదంతా బాగుందని చాలామంది ఫోన్ చేశారు. ఆ రాత్రి నాకు నాన్న గుర్తుకొచ్చాడు.

ఆయన పోయిన ఏడాదికి ఆదిత్యపూర్ వెళ్లినప్పుడు ఆ హో కుటుంబం ఇల్లు వెతికాను. వీధి మారింది, వాళ్లు మారలేదు. పెద్దాయన లేడు. కొడుకు కంప్యూటర్‌తో నడిచే లేత్ మీద పనిచేస్తున్నాడు, ఆర్డర్లు తగ్గి వారానికి నాలుగు రోజులే పని ఉందని చెప్పాడు. టీ ఇచ్చాడు. ఎవరు మీరు, ఏ పని మీద వచ్చారని అడిగాడు. విలేకరినని చెప్పి నా పేరు చెప్పాను. నాన్న పేరు చెప్పలేదు.