ఇది కథ మాత్రమేనా?

‘కథ’ అనే మాటకు మన వాడుకలో రెండు ముఖాలున్నాయి. రాత్రి పడుకోబోయే ముందు పిల్లలు "కథ చెప్పు" అంటే అది ముద్దు. పగటిపూట పెద్దలు "కథలు చెప్పకు" అంటే అది మందలింపు. నువ్వు చెప్పేది అబద్ధమని అర్థం. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నేను ఈ రెండో వాక్యాన్ని ఎన్నిసార్లు ప్రయోగించానో లెక్కలేదు. అందులో ఒక్కటి మాత్రం నేటికీ చెవిలో మోగుతూనే ఉంది.

మూలపేట ప్రాంతంలో నేను ఉద్యోగం చేస్తున్న తొలి రోజులవి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వరుసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. కారణమడిగితే, అమ్మ మంచం మీంచి లేవలేకపోతోందనీ, తానే వంట చేసి, నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే తండ్రికి అన్నం ఇచ్చి వస్తున్నాననీ చెప్పింది. "నాలుగు రోజులూ లేవలేదా? కథలు చెప్పకమ్మా!" అన్నాను. తరగతంతా నవ్వింది. ఆ తల్లి ఎందుకు లేవలేకపోయిందో నాకు తప్ప ఊరందరికీ తెలుసునని తర్వాత తెలిసింది. అవి భర్త కొట్టిన దెబ్బలు.

పదవీ విరమణ చేశాక, హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో ఒక పాత తెలుగు చిత్రం చూశాను. నలుపు తెలుపుల చిత్రం. అరగంట కూడా ఉండదు. పేరు ‘ఇది కథ మాత్రమేనా’. 1983లో తీసినది. ఆ పేరు తెరమీద కనిపించగానే నా పాత వాక్యానికి ఎవరో ఎదురు ప్రశ్న వేసినట్లు అనిపించింది.

దర్శకురాలు దీపా ధన్‌రాజ్ హైదరాబాదులో పుట్టినవారు. 1980లో బెంగుళూరులో అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టర్ మొదలైన మిత్రులతో కలిసి ‘యుగాంతర్’ అనే చిత్ర బృందాన్ని స్థాపించారు. పుణేలో ఇళ్ళలో పనిచేసే స్త్రీల సంఘం గురించి 1981లో ఒక చిత్రం, నిపాణి పొగాకు కార్మిక స్త్రీల గురించి 1982లో మరొకటి తీశారు. తెలుగు చిత్రాన్ని హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి రూపొందించారు. ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకాన్ని 1986లో వెలువరించి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వారి అనుభవాలను చెప్పించినది కూడా ఈ సంఘటనే.

ఈ చిత్రంలో వృత్తి నటులు లేరు. నాలుగు గోడల మధ్య హింసను భరిస్తూ, మెల్లగా తనలోకి తానే కుంగిపోయే ఒక ఇల్లాలు, ఆమె మాట వినే ఒక స్నేహితురాలు. ముందుగా అల్లిన సంభాషణలకు బదులు, తాము ఎరిగిన జీవితాల నుంచి అప్పటికప్పుడు పుట్టిన మాటలు. భార్యను హింసించడాన్ని ప్రత్యేక నేరంగా పేర్కొన్న 498-ఎ సెక్షను భారత శిక్షాస్మృతిలో చేరింది కూడా ఆ 1983లోనే.

ఇది కల్పనా? యథార్థమా? మన ఆలంకారికులు ఈ చర్చ ఏనాడో చేశారు. తెలిసిన వృత్తాంతం మీద నిలిచేది ఆఖ్యాయిక, కల్పించినది కథ అని అమరసింహుడి విభజన. అందుకే బాణభట్టు ‘హర్షచరితం’ ఆఖ్యాయిక, ‘కాదంబరి’ కథ. భామహుడు ఇంకొక నియమం పెట్టాడు: ఆఖ్యాయికలో నాయకుడు తన వృత్తాంతాన్ని తానే చెప్పాలి, కథను ఇతరులు చెబుతారు. దండి దీన్ని తోసిపుచ్చి, రెండూ ఒకే జాతి, పేర్లే వేరన్నాడు. విద్యార్థిగా నేను దండి పక్షం. ఈ చిత్రం చూశాక భామహుడి వైపు జరిగాను. ఎవరి బాధ వారి నోటితో చెప్పుకోవడం అలంకారశాస్త్ర నియమం మాత్రమే కాదు, న్యాయం కూడా.

దీపా ధన్‌రాజ్ తరువాతి చిత్రాల్లోనూ ఈ పట్టుదలే కనిపిస్తుంది. 1984 నాటి హైదరాబాదు మతకలహాల మీద 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ తీశారు. కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద 1991లో తీసిన ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’లో ఒక వైద్యుడు తాను చేసిన ఆపరేషన్ల సంఖ్య చెప్పుకొని గర్వపడతాడు. ఏ కథకుడైనా అలాంటి పాత్రను సృష్టిస్తే అతిశయోక్తి అని కొట్టివేసేవాళ్ళం. కల్పనను మించిన వింత అంటే ఎక్కడో అరుదుగా జరిగేది అనుకుంటాం. నిజానికది రోజూ జరుగుతూ, ఎవరూ అడగనిది.

ఈ పాత చిత్రాలను బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ డిజిటల్ రూపంలో పునరుద్ధరించింది. మన హైదరాబాదు గొంతులను ఎక్కడో జర్మనీలో భద్రపరచారన్న మాట! మరి మన పల్లెల గొంతులు?

2023 ఏప్రిల్ 19న మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవారి కోసం నౌపడ వద్ద పునరావాస కాలనీ తలపెట్టారు. ఎవరి భూమి ఎన్ని సెంట్లో, ఎవరికి ఎంత పరిహారమో కాగితాలకెక్కుతుంది. ఆ తల్లి నాలుగు రోజులు ఏ మంచం మీద పడి ఉన్నదో ఏ కాగితానికీ ఎక్కదు. మిత్రులారా, మీ ఊళ్ళో వృద్ధ స్త్రీలుంటే వారి ఎదుట కాసేపు కూర్చోండి. జేబులో ఉన్న ఫోను చాలు.

నేను అలా మొదలుపెట్టి, ముందుగా ఆ అమ్మాయి ఇంటికే వెళ్ళాను. ఇప్పుడామె అమ్మమ్మ. తల్లి పోయి చాలా కాలమైందట. "ఆరోజు నేను నమ్మలేదమ్మా" అన్నాను.

"మీరు అడగనైనా అడిగినారు మాస్టారూ. మిగతావోళ్ళు అదీ నేదు" అంది.

ఓదార్పుగానే అంది. కాని నేను ఆనాడు అడిగింది ఆలస్యానికి కారణం మాత్రమే. వాళ్ళమ్మ గురించి నేనూ అడగలేదు.