మూసలో మొక్క, ఒంట్లో మొక్క

 మూసీ వెంట, ఉప్పల్, పీర్జాదిగూడ పొలాల్లో హైదరాబాద్ నగరం వదిలిన మురుగునీటితో దశాబ్దాలుగా పశువుల గడ్డి పెంచారు. ఆ నీటిలో ఇళ్ల మురుగుతో పాటు కార్ఖానాల వ్యర్థాలూ కలిసేవి. లోహాలు నీటి నుంచి గడ్డికి, గడ్డి నుంచి బర్రెకు, పాల ద్వారా మనిషికి చేరడానికి ఆ దారి చాలు. అందుకే వెల్లుల్లి, ఉసిరి, మునగ ఒంట్లోని సీసాన్ని కడిగేస్తాయంటే ఇక్కడివాళ్లకు నమ్మబుద్ధేస్తుంది. మన పెద్దల వైద్యం ఎప్పుడో చెప్పిందని దానికి సాక్ష్యం కూడా పలుకుతారు. పెద్దలు చెప్పింది అది కాదని నా వాదన.

లోహాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ రసశాస్త్రం. అందులో మొక్క పని ముందు మూసలోనే. సీసాన్ని కరిగించి నువ్వుల నూనెలో, మజ్జిగలో, గోమూత్రంలో, పుల్లని గంజిలో, ఉలవ కషాయంలో ఏడేసి సార్లు పోయాలన్నారు. హరితాళాన్ని, అంటే ఆర్సెనిక్ ఖనిజాన్ని, బూడిద గుమ్మడికాయ రసంలో ఉడికించమన్నారు. దీన్నే శోధన అన్నారు. లోహం ప్రమాదకరమని ఆ వైద్యులు ఎరుగుదురు, ఆ ఎరుకకు నేను చేతులు జోడిస్తాను. కానీ వాళ్లు ఆకు రసాన్ని వాడింది లోహాన్ని మందుగా మార్చి మింగించడానికే, ఒంట్లోంచి తీసేయడానికి కాదు. సరిగా శుద్ధి చేస్తే హాని ఉండదంటారా? సీసం మూలకం. ఎన్నిసార్లు కాల్చినా భస్మంలో మిగిలేది సీసమే. శతాబ్దాల వాడకమే రుజువు అనడమూ చెల్లదు, ఎందుకంటే సీసం ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతీస్తుంది, ఆనాడు రక్తంలో దాన్ని కొలిచే సాధనం లేదు. బోస్టన్ ప్రాంతంలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలింది.

అయితే మొక్కలన్నీ వట్టివేనా? అదీ తొందరపాటే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్సెనిక్ విషవాయువుకు ఆక్స్‌ఫర్డ్‌లో తయారుచేసిన విరుగుడు గంధకపు బంధంతో లోహాన్ని పట్టుకుంటుంది. వెల్లుల్లిలోనూ గంధకపు పదార్థాలున్నాయి. 2012లో ఇరాన్ పరిశోధకులు కారు బ్యాటరీల కార్మికులు 117 మందిని రెండు జట్లు చేసి, నాలుగు వారాల పాటు ఒక జట్టుకు వెల్లుల్లి, రెండో జట్టుకు లోహాలను ఒంట్లోంచి తీసే మందు పెనిసిలమైన్ ఇచ్చారు. వెల్లుల్లి జట్టులోనూ రక్తంలో సీసం తగ్గింది. ఇది గౌరవించాల్సిన ఫలితం. కానీ మిగతా మొక్కల రుజువుల్లో ఎక్కువ భాగం ఎలుకలవే, వాటిలోనూ చాలాచోట్ల సారాన్ని లోహానికి ముందో, లోహంతో పాటో ఇచ్చారు. ఏళ్లుగా ఎముకల్లో పేరుకున్న సీసానికి ఆ ఫలితం వర్తించదు.

బ్యాటరీలతో, సీసపు రంగులతో పనిచేసేవాళ్లు కూరలో వెల్లుల్లి వేసుకోండి, ఉసిరి తినండి. ఆ భరోసాతో మాత్రం రక్తపరీక్ష మానకండి.